మీరు కొన్నది నిజంగా ఓఆర్‌ఎస్సేనా?

ఈ రోజు నా చేతిలో ఒక చిన్న ప్యాకెట్ ఉంది, చూడండి. లోపల తెల్లటి పొడి. బరువు 20 గ్రాముల పైచిలుకు. ఖరీదు రెండు, మూడు టీల డబ్బులు. ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే ఊరికే ఇస్తారు. గత 50 ఏళ్లలో ఈ పొడి కాపాడినన్ని ప్రాణాలు చాలా ఖరీదైన మందులు కూడా కాపాడలేదు. అయినా మనలో చాలామందికి దీని మీద పెద్దగా నమ్మకం లేదు. ఎందుకు లేదు, దీని వెనక ఉన్న సైన్స్ ఏంటి, మెడికల్ షాపులో ఏం చూసి కొనాలి అనేవి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. రీసెర్చ్ పేపర్లు చదివి, అర్థమైనంత వరకు మీతో మామూలు మాటల్లో చెప్పడమే నా పని. ఇది విని డాక్టర్ దగ్గరకి వెళ్లడం మానేయొద్దు. ఓకేనా?

మొదట నా తప్పు గురించి చెప్తా. 2023 మే నెల. మా అక్క వాళ్ల బాబుకి అప్పుడు రెండేళ్లు. ఒక పెళ్లికి వెళ్లొచ్చాం. మర్నాడు పొద్దున్నుంచి వాడికి లూజ్ మోషన్స్. అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, వచ్చేటప్పుడు ఓఆర్‌ఎస్ పట్రారా" అంది. నేను మెడికల్ షాపుకి వెళ్లి అడిగా. ఆయన ఒక డబ్బా ఇచ్చాడు, స్ట్రా గుచ్చి తాగే రకం. దాని మీద ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పెద్దగా ఉన్నాయి. ఆరెంజ్ ఫ్లేవర్. పొడి కలిపే పని కూడా లేదు కదా అని నాలుగు తీసుకున్నా.

బాబు చాలా ఇష్టంగా తాగాడు. తియ్యగా ఉంటే ఎందుకు తాగడు? సాయంత్రానికి మూడు డబ్బాలు అయిపోయాయి. మోషన్స్ మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగాయి. రాత్రి ఎనిమిదింటికి వాడు మెడ వాల్చేశాడు. ఏడుస్తుంటే కళ్లలో నీళ్లు రావట్లేదు. అప్పుడు భయం వేసి బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ ఒక నర్సమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తాగించారు?" నేను గర్వంగా "ఓఆర్‌ఎస్సేనమ్మా, మూడు తాగాడు" అని సంచీలోంచి నాలుగో డబ్బా తీసి చూపించా. ఆమె దాన్ని తిప్పి, చిన్న అక్షరాలు ఉన్న చోట వేలు పెట్టి, "ఇది చదివావా బాబూ?" అంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు అని ఇంగ్లీషులో అక్కడే రాసి ఉంది. ముందు వైపు పెద్ద అక్షరాలతో ఒక మాట, వెనక వైపు చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో మాట.

డ్యూటీ డాక్టర్ గారు బాబుని చూసి, తాగగలుగుతున్నాడు కాబట్టి ముందు తాగించే ప్రయత్నం చేద్దాం అన్నారు. నర్సమ్మ అసలైన పొడి లీటరు నీళ్లలో కలిపి, అక్క చేతికి స్పూన్ ఇచ్చింది. నిమిషానికి ఒకటి రెండు స్పూన్లు. అలా నాలుగు గంటలు. అర్ధరాత్రి దాటాక వాడు మూత్రం పోశాడు. మా అక్క అంత సంతోషంగా తడి గుడ్డ మార్చడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి తర్వాతే నేను దీని గురించి చదవడం మొదలుపెట్టా.

ఉప్పుకి చక్కెరతో పనేంటి?

విరేచనాలు పట్టుకుంటే ప్రాణం తీసేది సాధారణంగా ఆ సూక్ష్మజీవి కాదు. ఒంట్లోంచి నీళ్లు, వాటితో పాటు లవణాలు పోవడమే ప్రాణం తీస్తుంది. కలరా అయితే మరీ ఘోరం. మన తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు గత్తర అనేది దీన్నే. తీవ్రమైన కలరాలో పెద్ద మనిషి ఒంట్లోంచి గంటకి లీటరు దాకా నీళ్లు పోవచ్చు.

మరి నీళ్లు పోతుంటే నీళ్లే తాగించొచ్చు కదా? అక్కడే చిక్కు. నీళ్లు పేగు గోడని దాటి రక్తంలోకి వాటంతట అవి దూరిపోవు. ఉప్పులోని సోడియం ఎటు పోతే నీళ్లు అటు పోతాయి. కానీ కలరా లాంటి జబ్బులో సోడియం లోపలికి వెళ్లే మామూలు దారి దెబ్బతింటుంది. ఉట్టి ఉప్పునీళ్లు తాగితే అవి కూడా మోషన్‌లో వెళ్లిపోతాయి.

అయితే పేగు గోడలో ఇంకో తలుపు ఉంది. దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. దీన్ని జంట టికెట్ ఉంటేనే తెరిచే గేటు అనుకోండి. గ్లూకోజ్ ఒక్కటే వస్తే పనవదు, సోడియం ఒక్కటే వచ్చినా అవదు. రెండూ కలిసి వస్తే తలుపు తెరుచుకుంటుంది, వాటి వెంట నీళ్లు లోపలికి వెళ్తాయి. అసలు సంగతి ఏంటంటే, కలరా విషం ఈ తలుపుని మాత్రం ముట్టుకోలేదు. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఈ ఉప్పు, చక్కెరల జత గురించి చెప్పారు.

అంటే ఓఆర్‌ఎస్‌లో చక్కెర రుచి కోసమో, ఓపిక కోసమో వేసింది కాదు. అది ఉప్పుని లోపలికి తీసుకెళ్లే తోడు. అందుకే లెక్క ప్రకారం ఉండాలి.

మరి చక్కెర ఎక్కువైతే ఏమవుతుంది? ఇంట్లో పచ్చడి పెట్టేటప్పుడు చూసే ఉంటారు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ముక్కల్లోంచి నీళ్లు దిగి ఊట తేలుతుంది. చిక్కదనం ఎటు ఎక్కువ ఉంటే నీళ్లు అటు లాగబడతాయి. పేగులో బాగా చిక్కటి చక్కెర నీళ్లు పడితే అంతే. నీళ్లు లోపలికి పోవడం బదులు, ఒంట్లో ఉన్న నీళ్లే పేగులోకి దిగుతాయి. మోషన్స్ పెరుగుతాయి. మా బాబు విషయంలో నేను చేసింది అదే.

నెంబర్లు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. మామూలు కూల్ డ్రింకులో అయితే లీటరుకి 100 గ్రాములకి పైనే చక్కెర ఉంటుంది, ఉప్పు దాదాపు ఉండదు.

బనగావ్‌లో రెండు గదులు, నేల మీద రోగులు

సైన్స్ తెలిసినంత మాత్రాన వైద్యం మారిపోలేదు. 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టర్ కలరా రోగులకి నోటి ద్వారా గ్లూకోజ్, ఉప్పు కలిపిన ద్రవం ఇచ్చి, లాన్సెట్ పత్రికలో రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు 29 మంది రోగులతో చేసిన ట్రయల్‌లో, తాగించడం వల్ల సెలైన్ అవసరం దాదాపు 80 శాతం తగ్గింది. అప్పుడూ పెద్ద డాక్టర్ల అనుమానం తీరలేదు. ఇదంతా ఆసుపత్రిలో, ట్రైనింగ్ ఉన్న వాళ్ల చేతుల్లో కాబట్టి అయింది, బయట ఎలా సాధ్యం అన్నారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. దాదాపు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. శిబిరాల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్ ఆసుపత్రికి దిలీప్ మహలనబీస్ అనే పిల్లల డాక్టర్ వెళ్లారు. రెండు గదులు, నేలంతా రోగులు. సెలైన్ బాటిళ్లు అయిపోతున్నాయి. సెలైన్ పెట్టడం వచ్చిన మనుషులూ లేరు.

ఆయన ముందు రెండే దారులున్నాయి. చేతులు కట్టుకుని చూడాలి, లేదంటే ఇంకా అందరూ ఒప్పుకోని పద్ధతిని వేల మంది మీద వాడాలి. ఆయన రెండో దారి పట్టారు. లీటరుకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. కలకత్తాలో వాళ్ల టీమ్ వీటిని తూచి ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీ పెట్టెతో అంటించి సీల్ చేసింది. శిబిరంలో కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపారు. తాగించింది ఎవరనుకున్నారు? రోగుల అమ్మలు, అన్నలు, అక్కచెల్లెళ్లు. నర్సులు సరిపోరు కాబట్టి వేరే దారి లేదు.

అంతకుముందు ఆ శిబిరాల్లో కలరా మరణాలు 30 శాతం దాకా ఉండేవి. ఆయన చూసిన 3,000 మందికి పైగా రోగుల్లో అది 3.6 శాతానికి దిగింది. 100 మందిలో 30 మంది పోయే చోట నలుగురి లోపు.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. జనం ఒట్టి నీళ్లనుకుని నమ్మరేమోనని, దీన్ని ఆయన నోటితో తాగే సెలైన్ అని పిలిచారు. సెలైన్ అంటే మన జనానికి ఉన్న మోజు ఆయనకి తెలుసు! 1978లో లాన్సెట్ సంపాదకీయం దీన్ని ఆ శతాబ్దంలోనే బహుశా అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని రాసింది. మహలనబీస్ 2022 అక్టోబర్‌లో కన్నుమూశారు. 2023లో మన ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. 1980 నుంచి పదేళ్ల పాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, మూడు వేళ్లతో పట్టినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు ఎలా కలపాలో నేర్పారు. 1.2 కోట్లకి పైగా ఇళ్లు. కార్యకర్తకి జీతం ఎన్ని ఇళ్లు తిరిగిందని కాదు, తర్వాత వెళ్లి అడిగితే ఆ తల్లులకి ఎంత గుర్తుందనే దాన్ని బట్టి. మన స్కూళ్లకి ఈ రూల్ పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి!

ఫార్ములా కూడా మారుతూ వచ్చింది. పాత మిశ్రమం కాస్త చిక్కగా ఉందని, గ్లూకోజ్, ఉప్పు తగ్గించిన కొత్త మిశ్రమంతో పిల్లల మీద చాలా ట్రయల్స్ చేశారు. సెలైన్ అవసరం మూడో వంతు, వాంతులు దాదాపు 30 శాతం తగ్గాయి. అందుకే 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి ఫార్ములాని సిఫార్సు చేస్తోంది. 2004 నుంచి దీనికి తోడు పిల్లలకి జింక్ కూడా ఇమ్మంటోంది.

డాక్టర్‌కి తెలుసు, మనం అడగం

ఇంత జరిగినా, ప్రపంచంలో ఏటా 4 లక్షలకి పైగా ఐదేళ్లలోపు పిల్లలు విరేచనాల వల్ల చనిపోతున్నారు. ఎందుకు? డాక్టర్లకి తెలియకా?

జాకరీ వాగ్నర్, మనోజ్ మోహనన్, వాళ్ల టీమ్ కలిసి కర్ణాటక, బీహార్‌లలో ఒక అధ్యయనం చేశారు. 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. నటించడానికి ట్రైనింగ్ ఇచ్చిన మనుషుల్ని 2,000 మందికి పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరకి పంపారు, వీళ్లలో మన ఊళ్లో ఆర్‌ఎంపీ అనే రకం కూడా ఉంటారు. "మా రెండేళ్ల బాబుకి విరేచనాలు, మందు రాయండి" అని అడగాలి. కొందరు మాత్రం, ఇంతకుముందు ఓఆర్‌ఎస్ వాడాం అని చెప్పి అదే కావాలన్నట్టు మాట్లాడారు. కొందరు యాంటీబయాటిక్ కావాలన్నట్టు. కొందరు ఏమీ చెప్పలేదు. ఇంకో పక్క, కొన్ని చోట్ల షాపుల్లో, క్లినిక్కుల్లో స్టాక్ అయిపోకుండా వాళ్లే ఓఆర్‌ఎస్ సరఫరా చేశారు. మందులు అమ్మితే వచ్చే లాభం వల్ల ఏమైనా తేడా ఉందా అనేది కూడా పరీక్షించారు.

నేనైతే లాభమే కారణం అనుకున్నా. మీరూ అదే అనుకుని ఉంటారు. కానీ తేలింది వేరు. ఓఆర్‌ఎస్ రాయకపోవడంలో 42 శాతానికి కారణం, రోగులకి ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదని వైద్యులు అనుకోవడమే. స్టాక్ లేకపోవడం 6 శాతం, డబ్బు లాభం 5 శాతం. రోగి తరఫు వాళ్లు ఓఆర్‌ఎస్ కావాలన్నట్టు మాట్లాడితే చాలు, ప్రతి 100 మందిలో అదనంగా 27 మందికి రాశారు.

దీని అర్థం ఏంటో చూడండి. మనం ఆయన దగ్గరకి వెళ్లి, "ఇంజెక్షన్ వేయండి, సెలైన్ ఎక్కించండి" అంటాం. ఉట్టి ప్యాకెట్ రాస్తే, "ఈయనకేం తెలీదు" అని పక్క క్లినిక్‌కి పోతాం. ఆయనకీ అది తెలుసు. మన మోజు ఆయన చీటీలో కనిపిస్తుంది.

మన మోజుకీ ఒక కారణం ఉంది. ఓఆర్‌ఎస్ మోషన్స్‌ని ఆపదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అది పోయిన నీళ్లని తిరిగి నింపుతుంది, ఈలోగా జబ్బు దానంతట అది తగ్గుతుంది. మనం మోషన్స్ లెక్కపెడుతూ, "నాలుగుసార్లు తాగించినా తగ్గలేదు, ఇది పని చేయట్లేదు" అంటాం. చూడాల్సింది మోషన్స్‌ని కాదు. పిల్లాడు హుషారుగా ఉన్నాడా, మూత్రం పోస్తున్నాడా, నాలుక తడిగా ఉందా అని.

షాపులో, ఇంట్లో ఏం చేయాలి

ఇక లేబుల్ సంగతి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు, ఎక్కువ చక్కెర ఉన్న డ్రింకులు ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడవడం మీద ఎనిమిదేళ్లు పోరాడారు. తెలంగాణ హైకోర్టులో పిల్ కూడా వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పేర్లు వద్దంది. జులైలో, ఇది అసలు ఫార్ములా కాదని లేబుల్ మీద రాస్తే ఫర్వాలేదు అని సడలించింది. మా నర్సమ్మ వేలు పెట్టి చూపించిన చిన్న అక్షరాలు అక్కడి నుంచి వచ్చినవే. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ సడలింపుని వెనక్కి తీసుకుంది. అయినా మీ కళ్లతో మీరు చదవండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా, లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములేనా అని చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే ఎంత చిన్న అక్షరమైనా కనిపిస్తుంది.

కలపడం: పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లు. ఇంట్లో ఖాళీ లీటరు వాటర్ బాటిల్ ఉంటుంది కదా, అదే కొలత. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, వెనక చదివి కలపండి. సగం పొడి గ్లాసులో వేసి అందాజాగా కలపొద్దు. చిక్కగా అయితే ప్రమాదం, పల్చగా అయితే ఉపయోగం తక్కువ. కాచి చల్లార్చిన నీళ్లు మంచిది. కలిపాక మళ్లీ కాచొద్దు, పంచదార వేయొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.

తాగించడం: రెండేళ్లలోపు పిల్లలకి ప్రతి మోషన్ తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకి 100 నుంచి 200 మిల్లీలీటర్లు. పెద్దవాళ్లు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ స్పూన్‌తో మెల్లగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. తిండీ ఆపొద్దు. పెరుగన్నం, గంజి, ఇడ్లీ, పిల్లాడు ఏది తింటే అది. మోషన్స్ ఆపే మాత్రలు పిల్లలకి సొంతంగా వేయొద్దు.

ప్యాకెట్ దొరకలేదా? లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్ పైన గుట్టలా కాకుండా చదునుగా కొలిచి కలపండి. ప్యాకెట్ దొరికే వరకు ఇది తాత్కాలికం.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. పిల్లాడు మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, తాగింది తాగినట్టు వాంతి అయిపోతున్నా, కళ్లు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తున్నా, మోషన్‌లో రక్తం కనిపించినా, చాలాసేపటి నుంచి మూత్రం రాకపోయినా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి. దారిలో కూడా తాగగలిగితే తాగిస్తూ వెళ్లండి. అలాంటప్పుడు సెలైనే ప్రాణం కాపాడుతుంది. నేను సెలైన్‌కి వ్యతిరేకం కాదు. తాగగలిగే పిల్లాడికి సూది ఎందుకు అంటున్నా, అంతే.

ఇంకోటి. జిమ్ తర్వాత, పార్టీ తర్వాత రోజూ ఓఆర్‌ఎస్ తాగే ఫ్రెండ్స్ ఉన్నారు. ఇది ఎనర్జీ డ్రింక్ కాదు, ఇందులో ఉప్పు ఉంది. బీపీ, కిడ్నీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తాగాలి.

మా బాబుకి ఇప్పుడు స్కూల్ వయసు. ఆ రాత్రి వాడికి గుర్తు లేదు, నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పోపుల పెట్టె పక్కన రెండు ప్యాకెట్లు ఎప్పుడూ ఉంటాయి. మీరు చేయాల్సింది ఒక్కటే. రేపు మెడికల్ షాపు మీదుగా వెళ్లేటప్పుడు ఒక ప్యాకెట్ కొని, తిప్పి చదివి, ఇంట్లో పెట్టండి. దాని వెనక వైపు ఫోటో తీసి మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. ఈసారి ఇంట్లో ఎవరికైనా మోషన్స్ అయితే, డాక్టర్ గారిని మీరే అడగండి, "ఓఆర్‌ఎస్ సరిపోతుందా అండీ?" అని.

మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో టాపిక్‌తో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను మరి.